తొమ్మిదేళ్లుగా ఒక్కదాన్నే చూసుకుంటున్న ప్రాజెక్టు తాళాలు ముఖం తెలియని మనిషికి ఇవ్వొచ్చా?

వట్రసుడి (విజయవాడ)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. శుక్రవారంలోపు ఒకాయనకు జవాబు చెప్పాలి. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

మాది పాయకాపురం. 2016లో నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా చదవగలిగే పద్ధతిలోకి మారుస్తుంది. మా మామయ్యగారు కథలు రాసేవారు. "నా కథలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదమ్మా, మరి ఫోన్లో ఎందుకు చదవలేకపోతున్నాను?" అని ఒకరోజు అడిగారు. ఫైలు తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు కలగాపులగంగా ఉన్నాయి. పాత ఫాంట్ల తీరు అదే. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఏ ముక్క ఏ అక్షరమో పట్టిక వేశాను. మామయ్యగారి కథలు వాట్సాప్‌లో ఆయన స్నేహితులందరికీ వెళ్లాయి. ఇంకెవరికైనా పనికొస్తుందని కోడ్ మొత్తం ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో (ప్రోగ్రాంల కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఒక అక్షరం తీసి ఇంకోటి పెడితే సరిపోయే పనైతే అయిపోయేదే. ఒక్కటి చెప్తాను. నిరుడు ఒక ఆయుర్వేద పుస్తకాన్ని మార్చుకున్న పెద్దాయన, కొత్త ఫైల్లో 'వైద్యం' అని వెతికితే ఒక్కటి కూడా దొరకడం లేదని రాశారు. కళ్లతో చూస్తే పేజీకి పది ఉన్నాయి. సంగతేంటంటే, పాత ఫాంటులో ఐత్వం రెండు ముక్కలు. పైన ఎత్వం, కింద చిన్న వంపు. నా ప్రోగ్రాం ఆ రెంటినీ విడివిడిగానే యూనికోడ్‌లో పెట్టింది, 0సీ46, దాని వెనక 0సీ56. మనం కీబోర్డు మీద కొడితే వచ్చేది 0సీ48 అనే ఒకే కోడ్. తెర మీద రెండు 'వై'లకూ వెంట్రుకవాసి తేడా ఉండదు, వెతికేటప్పుడు మాత్రం వేరైపోతాయి. ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతిలో సర్దితే ఆ రెండు ముక్కలూ కలిసి ఒకటవుతాయి. దిద్దింది ఒక్క లైను. అది కనుక్కోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఆయన 'దొరికిందమ్మా' అని ఒక్క మాట రాశారు. ఆ మాట ఇప్పటికీ దాచుకున్నాను.

ఇలాంటి పని నాకు ఇష్టమే. అలసట వేరే చోట వస్తోంది. నా ప్రోగ్రాం పైథాన్ అనే భాషలో రాసింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది. అక్షరాలను చూసే తీరు పైథాన్ 2లో వేరు, 3లో వేరు. నా ప్రోగ్రాం చేసేదంతా అక్షరాలతోనే కాబట్టి సగానికి పైగా తిరగరాశాను. వాడేవాళ్లకు కొత్తగా ఏమీ కనిపించలేదు, నాకు మాత్రం నాలుగు నెలల ఆదివారాలు పోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో, ఇలాంటి ప్రాజెక్టులకు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే పోటీ కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం పేజీ) ఒక పదం అటూఇటూ మార్చి పంపినవాళ్లు పదుల మంది. ఇప్పుడు కొత్తగా ఏఐతో రాయించిన ప్యాచ్‌లు (కోడ్‌కి దిద్దుబాట్లు) వస్తున్నాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి. నడిపి చూస్తే 'క్ష' వచ్చిన ప్రతిచోటా మాట విరిగిపోతుంది. తప్పని నిరూపించడానికి నాకు గంట పడుతుంది, పంపినవాళ్లకు నిమిషం కూడా పట్టి ఉండదు.

ఇంకొకటి. ఒక సంస్థ, పేరు వద్దు, నా ప్రోగ్రాంనే తమ పేరు పెట్టి అమ్ముతోంది. ఎలా తెలిసిందంటే, పట్టికలో నేను పొరపాటున వేసిన ఒక తప్పు వాళ్ల దాంట్లోనూ అక్కడే ఉంది. వాళ్ల దగ్గర కొన్నవాళ్లు బగ్గులు నాకు పంపుతున్నారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మేం పై వాటా వాళ్లింట్లో సర్దుకున్నాం. కరెంటు లేదు. పడవలో ఎవరో పాల ప్యాకెట్లు, మంచినీళ్లు ఇచ్చి వెళ్లేవాళ్లు. లాప్‌టాప్ నాతో పైకి తీసుకెళ్లాను. పాత డీటీపీ ఫైళ్ల నమూనాలున్న హార్డ్ డిస్క్ మాత్రం కింద బీరువాలోనే ఉండిపోయింది, పోయింది. ఆరో రోజు ఫోన్ ఛార్జ్ అయ్యి సిగ్నల్ వస్తే మొదట కనిపించిన మెయిల్ ఇది: ఆదివారం పెట్టిన బగ్గుకి శుక్రవారం దాకా జవాబు లేదు, బాధ్యత లేనివాళ్లు ప్రాజెక్టులు ఎందుకు పెడతారు? నేను ఏడవలేదు గానీ, ఆ రోజు నుంచి మెయిల్ తెరవాలంటే కడుపులో టెన్షన్ మొదలవుతోంది.

ఇప్పుడు అసలు విషయం. ఎనిమిది నెలలుగా ఒకాయన మంచి ప్యాచ్‌లు పంపుతున్నారు. పేరు, ఊరు తెలియవు. ఓపిగ్గా మాట్లాడతారు. ఈమధ్య ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి, మీకు తీరిక లేనప్పుడు ఆయనకు అప్పగించొచ్చు కదా అని ప్రతి బగ్గు కిందా రాస్తున్నారు. పోయిన వారం ఆయనే అడిగారు: కొత్త వెర్షన్ విడుదల చేసే హక్కులు ఇవ్వండి, శుక్రవారంలోపు చెప్తే నెలాఖరుకల్లా వెర్షన్ తెస్తాను అని.

నాకు ఉద్యోగం ఉంది, పదకొండేళ్ల పాప ఉంది, అత్తయ్యగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఇచ్చేస్తే హాయి అనిపిస్తోంది. పూర్తిగా మూసేద్దామా అంటే, మామయ్యగారు 2021లో పోయారు, ఆ ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకునే మొదటి టెస్టు ఫైలు ఇప్పటికీ ఆయన కథే. చెయ్యి రావడం లేదు. ఏం చేయమంటారు?

బ్రాడీపేట 4/14 (గుంటూరు)

వట్రసుడి గారూ, ముందు శుక్రవారం సంగతి. ఆ గడువు పెట్టింది ఆయన, మీరు కాదు. దాన్ని పక్కన పెట్టేయండి.

మీ పోస్టు చివరికి వచ్చేసరికి నాకు చెమట పట్టింది. ఎందుకో చెప్తాను. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఫైళ్లను కుదించే ప్రోగ్రాం ఒకటుంది, దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది లాస్సే కాలిన్ అనే ఫిన్లాండ్ ఆయన, జీతం లేకుండా. 2022లో ఆయన తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది డబ్బులొచ్చే పని కాదని అందరికీ కనిపించేలా రాసుకున్నారు. అదే రోజుల్లో ఎవరికీ తెలియని కొన్ని పేర్లు వచ్చి, పని సాగడం లేదు, ఇంకొకరికి అప్పగించు అని వెంటపడ్డాయి. జియా టాన్ అనే పేరుతో ఒకరు అప్పటికే మంచి ప్యాచ్‌లు పంపుతూ ఉన్నారు. నమ్మకం కుదిరింది, హక్కులు ఇచ్చారు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వబట్టి, ఆ మార్చి 29న లోకానికి తెలిసింది.

మీకు ముఖ్యమైన ముక్క ఇది. దొంగ కోడ్‌ని టెస్టు ఫైళ్లలో దాచారు. దాన్ని కదిలించే భాగం మాత్రం అందరూ చూసే రిపాజిటరీలో (కోడ్ ఉండే చోటు) లేదు, విడుదల కోసం మూటకట్టిన టార్ ఫైల్లోనే ఉంది. అంటే కోడ్ కలిపే హక్కు వేరు, విడుదల చేసే హక్కు వేరు. ఆ ప్యాచ్‌ల ఆయన మిమ్మల్ని అడుగుతున్నది రెండోది.

ఆయన దొంగ అనడం లేదు. నిజంగా మీ మీద జాలితోనే అడుగుతూ ఉండొచ్చు. మా యార్డులో మిర్చి టిక్కీ కొనేవాళ్లు రైతు మీద అనుమానంతో గోనె కోసి చూడరు, కాయ చేతిలోకి తీసుకోకుండా బేరం మాట్లాడరంతే. వీడియో కాల్‌లో ఒక అరగంట మాట్లాడమనండి. ప్యాచ్‌లకు టెస్టులు రాయమనండి. బగ్గులకు జవాబులిచ్చే పని, లేబుళ్లు పెట్టే పని ముందు ఇవ్వండి, వాటికి తాళాలు అక్కర్లేదు. విడుదల మాత్రం రిపాజిటరీలో ఉన్న కోడ్ నుంచే ఆటోమేటిక్‌గా తయారయ్యేలా పెట్టండి, చివరి బటన్ మీ చేతిలోనే ఉండాలి.

ఆ మెయిల్ గురించి. నేనూ ఒక చిన్న లైబ్రరీని ఆరేళ్లు చూశాను. నాకూ అలాంటివే వచ్చేవి, మా ఆవిడ డెలివరీ రోజు కూడా. ఎంఐటీ లైసెన్సు చివరి పేరా అంతా పెద్దక్షరాల్లో ఉంటుంది చూడండి. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను, ఏ హామీ లేదు అని దాని సారాంశం. మీరు వాళ్లకు బాకీ లేరు. రీడ్‌మీలో పైనే తెలుగులో రాసేయండి: నెలలో రెండో ఆదివారం మాత్రమే చూస్తాను అని. నేను అది రాయకుండా అన్నిటికీ జవాబిస్తూ పోయి, చివరికి ఆర్కైవ్ చేశాను. ఆర్కైవ్ చేస్తే కోడ్ చదవడానికి ఉంటుంది, కావాలంటే తర్వాత మళ్లీ తెరుచుకోవచ్చు కూడా. రెండేళ్లయింది, నేను తెరవలేదు. ఆ పని మానేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీకు ఇంత రాస్తున్నాను.

అరసున్న

పై ఆయన చెప్పిందంతా సరే, డబ్బు మాట ఎవరూ ఎత్తరేం? 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో సగం తాళాలు వేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వస్తున్న విరాళాలు 2,000 డాలర్లు, పూర్తికాలం పనిచేసేది ఒక్కరు. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు మేడమ్. యూపీఐ క్యూఆర్ పెట్టండి. విదేశాల నుంచి వస్తే బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది, ఒక్కసారి కనుక్కుంటే చాలు. బెంగళూరులో షేర్ల బ్రోకింగ్ చేసే జెరోధా వాళ్లు 2024లో మీలాంటి ఉచిత ప్రాజెక్టుల కోసం ఫ్లాస్ ఫండ్ పెట్టారు, ఏడాదికి 10 లక్షల డాలర్లు, కానీ ప్రాజెక్టుకు కనీసం 10,000 డాలర్లు ఇచ్చే లెక్క కాబట్టి అది పెద్దవాటికే సరిపోతుంది. ఇలాంటి ప్రాజెక్టులకు సాయపడే ఫాస్ యునైటెడ్ అనే సంస్థ చిన్న గ్రాంట్లు కూడా ఇస్తుంది, రాసి చూడండి.

మీది అమ్ముకుంటున్న సంస్థ సంగతి. ఎంఐటీ ప్రకారం అమ్ముకోవడం తప్పు కాదు. కానీ మీ కాపీరైట్ లైనూ, లైసెన్సు పాఠమూ ప్రతి కాపీలో ఉంచి తీరాలి. ఆ లైసెన్సు పెట్టే షరతే అదొక్కటి. తీసేసి ఉంటే మర్యాదగా ఒక లేఖ రాయండి. ఇకపై వెర్షన్లు జీపీఎల్ అనే ఇంకో లైసెన్సు కింద ఇస్తే, పంచేవాళ్లు సోర్సు (అసలు కోడ్) కూడా ఇవ్వాలి. వాళ్లు వెబ్‌సైట్‌లో పెట్టి నడుపుతుంటే మాత్రం జీపీఎల్ అడ్డుపడదు, వెబ్‌సైట్లకూ వర్తించే ఏజీపీఎల్ కావాలి. పాత వెర్షన్లు ఎంఐటీగానే మిగిలిపోతాయి, వాటిని వెనక్కి తీసుకోలేరు.

గవర్నర్‌పేట డీటీపీ

అమ్మా, నాకు ఈ గిట్‌హబ్ అవీ తెలియవు. మా అబ్బాయి ఈ పోస్టు చూపించి, నాన్నా నువ్వు రోజూ వాడేది ఈవిడ చేసిందే అన్నాడు. 1996 నుంచి డీటీపీ చేస్తున్నాను. పేజ్‌మేకర్ 7తోనే ఇప్పటికీ సగం పని. నాలుగేళ్లుగా మీ ప్రోగ్రాం వాడుతున్నాను, ఏదో పెద్ద కంపెనీ చేసిందనుకున్నాను. ఒక్క అమ్మాయి ఇంట్లో కూర్చుని చేసిందని తెలిసి మనసు అదోలా అయింది.

మాకు ఇదేం చేసిందో చెప్తాను. ఇదివరకు పాత పుస్తకం మళ్లీ అచ్చుకి వచ్చి, ఈ-బుక్ కూడా కావాలంటే మొత్తం తిరిగి కొట్టాల్సిందే. నాలుగు వందల పేజీలంటే ఇద్దరు మనుషులు, నెల పని. ఇప్పుడు మార్చుకుని ప్రూఫు చూసుకుంటే చాలు. జనవరిలో పుస్తకాల పండక్కి ముందు నెలలో మా షాపు గడిచేది దీంతోనే.

ప్రూఫు చూసేటప్పుడు మీ ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను, మా కుర్రాళ్లు వెతికి మార్చుకోవడానికి. మొదటి పేజీలో మొదటి పదం 'స్వాతంత్ర్యం'. మీ దాంట్లో ఎప్పుడూ 'స్వాతంత్య్రం' అని వస్తుంది. యవత్తు ముందుకొచ్చి క్రావడి వెనక్కి పోతుంది. అది మీ తప్పు కాదమ్మా, మేం కొట్టే వరసే అది. త కొట్టి, యవత్తు కొట్టి, తర్వాత క్రావడి కొడతాం, అప్పుడే అచ్చులో చక్కగా కూర్చుంటుంది. తర్వాత 'సాఫ్ట్‌వేర్'. పొల్లు పోయి ట కింద వవత్తు పడుతుంది. ఇలాంటివి ఆరు పేజీలున్నాయి. మీకు పంపాలని ఎప్పుడూ తోచలేదు. ఆ సైటు తెరిస్తే అంతా ఇంగ్లీషు, ఎక్కడ రాయాలో తెలియలేదు.

మీ నమూనాలు వరదలో పోయాయన్నారు. నా దగ్గర 1998 నుంచి సీడీలున్నాయి. రచయితల పుస్తకాలు వాళ్లనడగకుండా ఇవ్వలేను. శుభలేఖలు, కరపత్రాలు, క్యాలెండర్లు, పేర్లు తీసేసి ఎన్నైనా ఇస్తాను. ఆదివారం షాపు మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది, రండమ్మా.

వట్రసుడి

వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

ఆ ఒకాయనకు గురువారమే రాశాను. మీరు చేసిన పనికి కృతజ్ఞతలు, విడుదల హక్కులు ఇప్పుడు ఇవ్వలేను, టెస్టులతో ప్యాచ్‌లు పంపితే తప్పకుండా చూస్తాను, ఒకసారి వీడియోలో మాట్లాడుకుందాం అని. ఇంతవరకు జవాబు లేదు. ఆ ఇద్దరు కొత్తవాళ్లు కూడా మాట్లాడటం లేదు. ఏమీ తేల్చుకోలేదు, ఎదురుచూస్తున్నాను. బ్రాడీపేట అన్నా, విడుదల మీరు చెప్పినట్టే మార్చాను. రీడ్‌మీలో మొదటి లైను ఇప్పుడు రెండో ఆదివారం గురించే. అరసున్న గారూ, ఆ సంస్థకు లేఖ రాశాను. లైసెన్సు మార్చడం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. మామయ్యగారి కథ అందరికీ ఊరికే చేరాలని పెట్టింది కదా, అక్కడ మనసు ఆగుతోంది.

ఆదివారం పాపను తీసుకుని గవర్నర్‌పేట వెళ్లాను. పెద్దాయన నోట్‌బుక్ నా చేతికిచ్చారు. ఎర్ర పెన్నుతో తప్పు, నీలం పెన్నుతో ఒప్పు, పక్కన అది వచ్చిన పుస్తకం పేజీ నంబరు. తొమ్మిదేళ్లలో ఇంత మంచి బగ్ రిపోర్టు నాకు ఎవరూ ఇవ్వలేదు. అదీ ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, నాలుగేళ్లుగా ఉంది. బగ్గు రాసే పేజీని ఆ రాత్రే తెలుగులోకి మార్చాను. మూడే గళ్లు: ఏం వచ్చింది, ఏం రావాలి, ఫైలు పంపగలరా. ఫోన్‌లో ఫొటో తీసి పంపినా చాలని రాశాను.

ఆయన కీబోర్డు ముందు కూర్చుని 'స్వాతంత్ర్యం' ఎలా కొడతారో చూపించారు. వేళ్లు చూస్తే గానీ నాకు అర్థం కాలేదు. నేను వత్తులను కనిపించిన వరసలోనే తీసుకుంటున్నాను. ఒక హల్లు కింద రెండు వత్తులుండి, వాటిలో ఒకటి క్రావడి అయితే దాన్ని ముందుకు జరపాలి. కానీ అన్నిచోట్లా కాదు. 'శాస్త్రం'లో సకారం కింద తవత్తు ముందు రావాలి, క్రావడి తర్వాతే. యవత్తుతో కలిసినప్పుడే ముందుకు జరపాలా, ఇంకేవైనా ఉన్నాయా అన్నది పెద్దాయన సీడీల్లో వెతుకుతున్నాను.

నోట్‌బుక్‌లోని 143 పదాలనూ పాప చదువుతుంటే నేను టెస్టులుగా ఎక్కించాను. నిన్న రాత్రికి 88 పాసయ్యాయి. 'శాస్త్రం', 'రాష్ట్రం' చెడిపోకుండా 'స్వాతంత్ర్యం' ఇంకా రావడం లేదు. పెద్దాయన ఫోన్ చేసి 'దారిద్ర్యం' కూడా చూడమ్మా, అది రెండో పేజీలో ఉంది అన్నారు.